రజాకార్లకు బలమిచ్చినది ఎవరు? హైదరాబాదు సంస్థానంలో ఒక అతివాద సంస్థ పరిణామం (1927-1948)

ఉపోద్ఘాతం

తెలంగాణ పల్లెలలో పుట్టిన తేదీ తెలియని పెద్దలను వయస్సు అడిగితే, వారు కాలాన్ని రెండు గుర్తులతో చెప్పేవారు. ఒకటి 'రజాకార్ల కాలం', రెండవది 'పోలీసు యాక్షన్'. వీటిలో మొదటిది ఒక భయానికి పేరుగా నిలిచిపోయింది. ఉర్దూలో 'రజాకార్' అంటే స్వచ్ఛంద సేవకుడు, తన ఇష్టంతో ముందుకు వచ్చి సేవ చేసేవాడు అని అర్థం. అటువంటి మాట పదేళ్ళ వ్యవధిలో తెలుగు నేల మీద దౌర్జన్యానికి పర్యాయపదమైంది. నిఘంటువులోని అర్థానికీ, జనం నోట నిలిచిన అర్థానికీ మధ్య ఇంత దూరం ఏ క్రమంలో ఏర్పడింది? ప్రస్తుత వ్యాసం ఈ ప్రశ్నను చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది.

రజాకార్ల విజృంభణకు సాధారణంగా రెండు కారణాలు చెబుతుంటారు. మతోన్మాదం ఒకటి, కాసిం రజ్వీ అనే వ్యక్తి వాగ్ధాటి, మొండితనం మరొకటి. ఈ రెండింటిలోనూ నిజం ఉంది. అయినా ఇవి చాలవు. మతం శతాబ్దాలుగా ఉన్నదే. సంస్థానంలో హిందూ ముస్లింలు ఒకే ఊరిలో, ఒకే పీర్ల పండుగలో కలిసి బతికిన చరిత్ర కూడా ఉన్నదే. మజ్లిస్ సంస్థ 1927లోనే పుట్టింది. మరి 1947 వరకు రాజ్యాన్ని శాసించలేని సంస్థ ఆ తరువాత కొద్ది నెలలలోనే ప్రధానమంత్రులను మార్చే స్థితికి ఎలా చేరింది? ఉన్మాదం అనే ఒక్క మాట ఈ ప్రశ్నకు సమాధానం కాదు.

అతివాదం అనే మాటను ఈ వ్యాసంలో పరిమితార్థంలో వాడుతున్నాను. తన వాదానికి భిన్నమైన వాదానికి ప్రజాజీవితంలో స్థానమే లేదని నమ్మడం, ఆ నమ్మకాన్ని బలప్రయోగంతో అమలు చేయబూనడం అతివాదం. ఇటువంటి సంస్థకు అనుచరులు లభించడం ఒక దశ. అధికారం లభించడం మరొక దశ. మొదటి దశకు భయం పునాది. రెండవ దశలో మాత్రం, ఆ సంస్థను తమ అవసరాలకు వాడుకోవచ్చునని భావించిన ఇతరులే బలాన్ని సమకూరుస్తారు. హైదరాబాదు చరిత్ర ఈ రెండు దశలనూ స్పష్టంగా చూపిస్తుంది.

భయానికి పునాది

1941 జనాభా లెక్కల నాటికి హైదరాబాదు సంస్థానంలో కోటీ అరవై లక్షలకు పైగా ప్రజలు ఉన్నారు. వారిలో సగానికి దగ్గరగా తెలుగువారు. మిగిలినవారిలో మరాఠీ, కన్నడ, ఉర్దూ భాషలవారు ముఖ్యులు. ముస్లింలు మొత్తం జనాభాలో సుమారు ఎనిమిదవ వంతు. కాని పరిపాలనలో, పోలీసుశాఖలో, సైన్యంలో, ముఖ్యంగా ఉన్నతోద్యోగాలలో వారి నిష్పత్తి దీనికి ఎన్నో రెట్లు ఎక్కువ. పారశీకం స్థానంలో పందొమ్మిదవ శతాబ్ది చివర రాజభాషగా వచ్చిన ఉర్దూయే కచేరీ భాష, న్యాయస్థాన భాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష కూడా అదే. ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య నేర్పడం గొప్ప ప్రయోగమే. అయితే అత్యధిక ప్రజల మాతృభాష ఆ భాష కాకపోవడంతో ఆ ప్రయోగఫలం కొందరికే అందింది.

ఇక్కడ ఒక విషయాన్ని గుర్తించాలి. సంస్థానంలోని ముస్లింలలో నవాబులు, జాగీర్దార్లు, ఉన్నతోద్యోగులు కొద్దిమంది మాత్రమే. మిగిలినవారు జవాన్లు, చప్రాసీలు, గుమాస్తాలు, జట్కా తోలేవారు, నేతపనివారు, దూదేకులవారు, కూలీలు. పల్లెలోని పేద ముస్లిముకు పొరుగు హిందూ రైతుకున్న కష్టాలే ఉన్నాయి. కాని పట్టణంలోని చిన్న ఉద్యోగికి రాజ్యంతో ఒక బంధం ఉంది. ఆయన జీతం చిన్నదే. ఆయన పిల్లల చదువు ఉర్దూలో సాగుతోంది. కచేరీలో మాట్లాడే భాష ఆయన ఇంటి భాష. రాజ్యం మారితే ముందుగా పోయేది ఆ చిన్న జీతం, ఆ చిన్న గౌరవం. పెద్ద జాగీరు ఉన్నవాడు ఎక్కడైనా బతకగలడు. ఏమీ లేనివాడికి పోయేదేమీ లేదు. కొద్దిగా ఉన్నవాడికే ఆ కొద్దిపాటి కూడా పోతుందన్న భయం ఎక్కువ. మజ్లిస్ పిలుపు ముఖ్యంగా చేరింది ఈ మధ్యస్థులకే.

1930 దశాబ్దం నుండి ఈ భయం పెరగడానికి కారణాలు ఏర్పడ్డాయి. 1921లో మొలకెత్తిన ఆంధ్ర జనసంఘం 1930లో జోగిపేట సభతో ఆంధ్రమహాసభగా రూపొందింది. మరాఠీ, కన్నడ ప్రాంతాలలోనూ పరిషత్తులు వెలిశాయి. భాష, గ్రంథాలయం, పాఠశాల, వెట్టి నిర్మూలన వంటి న్యాయమైన కోరికలతో ఇవి సాగాయి. కాని ప్రజలందరికీ ప్రాతినిధ్యం అన్న మాటకు, ఎనిమిదవ వంతుగా ఉన్న వర్గంలో కొందరికి వినిపించిన అర్థం వేరు. లెక్కల ప్రకారం ప్రభుత్వం ఏర్పడితే తాము శాశ్వతంగా ఓడిపోయినవారమవుతామని వారు భావించారు. ఆ భయం పూర్తిగా న్యాయమైనది కాకపోవచ్చు. పూర్తిగా కల్పితం కూడా కాదు. అతివాద సంస్థలు శూన్యంలో నుండి భయాన్ని సృష్టించలేవు. ఉన్న భయానికి ఒక పేరు పెట్టి, ఒక శత్రువును చూపించి, దానికి తామే విరుగుడు అని ప్రకటిస్తాయి.

రాజకీయం లేని చోట

ఈ భయాన్ని చర్చించుకోవడానికి, సర్దుబాటు చేసుకోవడానికి సంస్థానంలో వేదిక లేదు. శాసనసభకు అధికారాలు లేవు. సభ జరపాలంటే ముందస్తు అనుమతి తీసుకోవాలని శాసించే 'గస్తీ నిషాన్ తిర్పన్' ఆనాటి ప్రజాజీవితాన్ని ఎంతగా బిగించిందో తెలంగాణ నాయకుల ఆత్మకథలలో కనిపిస్తుంది. గ్రంథాలయ వార్షికోత్సవం కూడా అనుమానపు చూపుల మధ్య జరిగేది. 1938లో హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌ను అది సక్రమంగా ఏర్పడకముందే ప్రభుత్వం నిషేధించింది. ఆ నిషేధం 1946 వరకు కొనసాగింది.

ఈ ఎనిమిదేళ్ళ కాలం నిర్ణాయకమైనది. హిందూ, ముస్లిం సభ్యులు ఒకే సంస్థలో పనిచేస్తూ, బాధ్యతాయుత ప్రభుత్వంలో అల్పసంఖ్యాకుల రక్షణ ఎలా ఉండాలో చర్చించుకోగల అవకాశం అప్పుడే పోయింది. రాజకీయపక్షానికి చోటు లేనప్పుడు ఆ చోటును మతసంస్థలు ఆక్రమించాయి. ఒకవైపు ఆర్యసమాజం 1938-39లో పెద్ద సత్యాగ్రహం నడిపింది. సంస్థానం వెలుపలి నుండి కూడా వేలాదిమంది అందులో పాల్గొన్నారు. మరొకవైపు మజ్లిస్ బలపడింది. ఇరువైపులా మతప్రచారం, మతం మార్పిడులు, 'శుద్ధి' కార్యక్రమాలు సాగాయి. ఒకరి సభ మరొకరి సభకు కారణమైంది.

1939లో ప్రకటించిన రాజ్యాంగ సంస్కరణలు ఈ చిక్కును విప్పడానికి బదులు బిగించాయి. అరవముదు అయ్యంగార్ కమిటీ సిఫారసుల నుండి వచ్చిన ఆ సంస్కరణలలో సంఖ్యతో నిమిత్తం లేకుండా రెండు మతాలకూ సమాన ప్రాతినిధ్యం కల్పించారు. అధిక సంఖ్యాకులకు ఇది అన్యాయంగా తోచింది. మజ్లిస్ దృష్టిలో ఇది కూడా తక్కువే. బాధ్యతాయుత ప్రభుత్వం మాత్రం ఎవరికీ దక్కలేదు. ప్రజలు పౌరులుగా కాక మతాల లెక్కలుగా రాజ్యం ముందు నిలబడవలసి వచ్చింది. ఆ లెక్కలలో ఎవరు గట్టిగా అరిస్తే వారే తమ మతానికి ప్రతినిధులు.

'నేనే రాజును' అన్న సిద్ధాంతం

మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ 1927లో ఆవిర్భవించినప్పుడు దాని లక్ష్యం ముస్లింలలోని వివిధ శాఖల మధ్య ఐకమత్యం, మత సాంస్కృతిక ప్రయోజనాల పరిరక్షణ. నవాబ్ బహదూర్ యార్ జంగ్ నాయకత్వంలో అది రాజకీయసంస్థగా మారింది. ఆయన జాగీర్దారు, ఉర్దూలో అసాధారణ వక్త. తరువాతి కాలంలో తన బిరుదునూ, జాగీరునూ వదులుకున్నారు. ఆ త్యాగం సామాన్య ముస్లింలలో ఆయన పట్ల గౌరవాన్ని పెంచింది.

ఆయన కాలంలో ప్రచారమైన సిద్ధాంతం 'అనల్ మాలిక్'. 'నేనే రాజును' అని ఆ మాటకు అర్థం. సంస్థానంలో సార్వభౌమాధికారం ముస్లిం సమాజానిది. నిజాం ఆ అధికారానికి ప్రతీక మాత్రమే. కాబట్టి ప్రతి ముస్లిమూ రాజ్యాధికారంలో భాగస్వామి అన్నది ఈ సిద్ధాంతసారం. దీని ఆకర్షణను తేలికగా తీసుకోరాదు. చప్రాసీకి గానీ, జట్కావానికి గానీ నిజజీవితంలో ఏ అధికారమూ లేదు. ఇంటి అద్దె కట్టలేనివాడు సభకు వెళ్ళి, తాను రాజునని విని తిరిగివచ్చేవాడు. కడుపు నింపకపోయినా తల ఎత్తుకునేటట్లు చేసిన మాట అది. సమానత్వం ఇవ్వవలసిన చోట ఆధిక్యభావాన్ని ఇవ్వడం అతివాదపు పాత పద్ధతి. సమానత్వం కావాలంటే భూమి, చదువు, ఉద్యోగం పంచాలి. ఆధిక్యభావానికి ఖర్చు లేదు.

ఈ సిద్ధాంతంలో పాలకునికి కూడా ఒక ప్రమాదం దాగి ఉంది. రాజు సమాజానికి ప్రతీక మాత్రమే అయితే, ఆ సమాజం పేరిట మాట్లాడే సంస్థ రాజు కంటే పైది అవుతుంది. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఈ అంతరార్థాన్ని గ్రహించినా, తన సింహాసనానికి ఒక జనసమూహపు అండ అవసరమైన రోజులలో దానిని సహించారు.

1944లో బహదూర్ యార్ జంగ్ హఠాత్తుగా మరణించారు. తరువాత కొంతకాలం సంస్థ మెత్తని నాయకత్వంలో నడిచింది. 1946లో లాతూరు వకీలు కాసిం రజ్వీ అధ్యక్షుడయ్యారు. అంతకు ముందే ఉన్న స్వచ్ఛంద సేవక దళం ఆయన చేతిలో సాయుధ దళంగా మారింది. ఖాకీ దుస్తులు, కవాతు, ప్రమాణస్వీకారం, ఆయుధ శిక్షణ దాని బాహ్యరూపం. బంగాళాఖాతపు అలలు నిజాం పాదాలు కడుగుతాయని, ఎర్రకోటపై అసఫ్‌జాహీ పతాకం ఎగురుతుందని ఆయన ఉపన్యసించినట్లు ప్రసిద్ధి. ఈ ప్రగల్భాలను విని నవ్వుకున్నవారు ఉన్నారు. కాని ఆ మాటల ప్రయోజనం వాటి సాధ్యాసాధ్యాలలో లేదు. రాజీ మాట ఎత్తినవాడిని పిరికివాడిగా, ద్రోహిగా నిలబెట్టడమే వాటి ప్రయోజనం.

1947 అక్టోబరు 27

1947 జూన్‌లో నిజాం, తాను భారతదేశంలో గానీ పాకిస్తాన్‌లో గానీ చేరబోనని ఫర్మానా వెలువరించారు. ఆగస్టు 7న స్టేట్ కాంగ్రెస్ 'భారత యూనియన్‌లో చేరిక' ఉద్యమాన్ని ప్రారంభించింది. అదే సమయంలో దేశవిభజన రక్తపాతపు వార్తలు ఉత్తరాది నుండి చేరుతున్నాయి. ఇతర ప్రాంతాల నుండి ముస్లిం శరణార్థులు హైదరాబాదుకు వస్తున్నారు. సంస్థానం నుండి హిందువులు బెజవాడ, బందరు వైపు, ఇతర సరిహద్దు జిల్లాలకు తరలిపోతున్నారు. రెండు వైపులా ప్రయాణించినవారు తమతో పాటు కన్నవీ విన్నవీ మోసుకుపోయారు. వచ్చిన ప్రతి కథా భయానికి సాక్ష్యమైంది. రజాకార్ దళాలలో చేరికలు ఈ నెలలలోనే ఉధృతమయ్యాయి. 1948 నాటికి తమ సంఖ్య రెండు లక్షలని ఆ సంస్థ చెప్పుకునేది. ఆ లెక్కలో అతిశయోక్తి ఉన్నా, పెరుగుదల మాత్రం వాస్తవం.

భారత ప్రభుత్వంతో యథాతథ ఒడంబడికపై చర్చలు జరిపింది ప్రధానమంత్రి ఛతారీ నవాబు, న్యాయసలహాదారు వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్‌లతో కూడిన ప్రతినిధివర్గం. వారు తెచ్చిన ముసాయిదాను కార్యనిర్వాహక మండలిలో అధిక సంఖ్యాకులు ఆమోదించారు. నిజాం కూడా అంగీకరించారు. ప్రతినిధివర్గం ఢిల్లీకి బయలుదేరవలసిన అక్టోబరు 27 తెల్లవారుజామున వేలాదిమంది రజాకార్లు, వారి మద్దతుదారులు ఆ ముగ్గురి ఇళ్ళనూ చుట్టుముట్టారు. పోలీసులు అడ్డుకోలేదు. ప్రయాణం ఆగిపోయింది. భారతసైన్యం శ్రీనగర్‌లో దిగినది కూడా ఆనాడే. కాశ్మీరులో చిక్కుకున్న భారతదేశం ఇప్పుడు హైదరాబాదును ఏమీ చేయలేదన్న వాదం రజ్వీ నోట బలంగా వినిపించింది.

నిజాం లొంగిపోయారు. ఛతారీ నవాబు రాజీనామా చేశారు. అంతకు ముందు అదే సంవత్సరం సర్ మీర్జా ఇస్మాయిల్ కూడా మజ్లిస్ వ్యతిరేకత మధ్యనే ప్రధాని పదవిని వదిలివెళ్ళారు. కొత్త ప్రతినిధివర్గంలో మజ్లిస్‌కు అనుకూలురు చేరారు. త్వరలోనే మీర్ లాయక్ అలీ ప్రధాని అయ్యారు. ఇందులో గమనించవలసిన అంశం ఒకటి ఉంది. నవంబరు 29న చివరకు సంతకమైన ఒడంబడిక, అక్టోబరులో ఆపివేసిన ముసాయిదాకు దాదాపు ప్రతిరూపమే. అంటే షరతుల విషయంలో రజాకార్లు సాధించినది స్వల్పం. కాని ప్రభుత్వం చేసిన నిర్ణయాన్ని వీధి మార్చగలదన్న విషయం ఆ ఉదయం రుజువైంది. ఆ రోజు తరువాత ప్రతి అధికారీ, ప్రతి మంత్రీ ఏ కాగితంపై సంతకం చేయాలన్నా ఆ గుంపును తలచుకోవలసి వచ్చింది.

బేరసారాలలో తన చేతికి ఒక కర్రగా ఉపయోగపడుతుందని నిజాం ఆ సంస్థను ఉండనిచ్చారు. ఢిల్లీతో మాట్లాడేటప్పుడు, తన ప్రజలలో ఇంత తీవ్రత ఉన్నదని చూపించుకోవచ్చు. కర్ర పట్టుకున్న చేయి ఏదో, పట్టుబడిన చేయి ఏదో తెలియని స్థితి ఆరు నెలలలో వచ్చింది.

పల్లెలలో బలం

నగరంలో రజాకార్లకు బలం పాలకుల నుండి వచ్చింది. తెలంగాణ పల్లెలలో దానికి మరొక మూలం ఉంది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య హత్య తరువాత నల్లగొండ, వరంగల్ జిల్లాలలో భూస్వాములపై రైతాంగ పోరాటం సాయుధరూపం దాల్చింది. గడీలు విడిచి పట్టణాలకు చేరిన దేశ్‌ముఖ్‌లు తమ భూములను తిరిగి స్వాధీనం చేసుకోవడానికి నిజాం పోలీసులతో పాటు రజాకార్లను ఆశ్రయించారు. ఆ దేశ్‌ముఖ్‌లలో అత్యధికులు హిందువులే. సంఘం గ్రామాలపై దాడులలో మతరక్షణ నినాదం పైన కనిపించినా, లోపల నడిచినది భూమి తగాదా.

ఈ విషయం రెండు దిశలలో ఆలోచింపజేస్తుంది. మొదటిది, 'హిందువుల పెత్తనం' నుండి ముస్లింలను కాపాడతామన్న సంస్థ హిందూ భూస్వామి గడీని కాపాడింది. అతివాదానికి ప్రకటిత శత్రువు ఒకరు, ఆచరణలో శత్రువు మరొకరు కావడం ఇక్కడ స్పష్టమవుతుంది. రెండవది, ఆ పోరాటంలో పేద ముస్లింలు సంఘం పక్షాన నిలిచారు. విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి ప్రాణం పోగొట్టుకున్న షేక్ బందగీ జ్ఞాపకం ఆ పోరాటానికి ప్రేరణల్లో ఒకటి. ఉర్దూ మహాకవి మఖ్దూం మొహియుద్దీన్ ఆ ఉద్యమ నాయకులలో ఒకరు.

మజ్లిస్ ప్రభుత్వం దళిత నాయకత్వంలో కొంత భాగాన్ని కూడా తనవైపు తిప్పుకోగలిగింది. బి.ఎస్. వెంకటరావు లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి అయ్యారు. దళితవర్గాల నాయకుడు శ్యాంసుందర్ 1948లో ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన హైదరాబాదు ప్రతినిధివర్గంలో ఉన్నారు. దీనిని కేవలం అవకాశవాదంగా కొట్టివేయడం సమంజసం కాదు. సవర్ణ నాయకత్వంలోని ఉద్యమాలు దళితుల విశ్వాసాన్ని ఎంతవరకు పొందగలిగాయన్న ప్రశ్న దీని వెనుక ఉంది. అతివాద సంస్థలు ఇతరుల లోపాలలోనే తమ మిత్రులను వెతుక్కుంటాయి.

1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో బురుజు కట్టుకుని, వడిసెలలతో, నాటు తుపాకులతో ఆత్మరక్షణ చేసుకున్న గ్రామాన్ని నిజాం బలగాలు, రజాకార్లు కలిసి ముట్టడించి దాదాపు వందమందిని చంపారు. ఇక్కడ 'కలిసి' అన్న మాట ముఖ్యం. రజాకార్లు ఒంటరిగా చేసిన దాడుల కంటే పోలీసుల తుపాకీ తోడుగా ఉన్న దాడులే ఘోరమైనవి. రాజ్యం కళ్ళు మూసుకోవడంతో మొదలైనది, రాజ్యం చేయి కలపడంతో ముగిసింది.

అసమ్మతి, దాని మూల్యం

సంస్థానంలోని ముస్లింలందరూ ఈ మార్గాన్ని ఆమోదించలేదు. ఉర్దూ పత్రిక 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ భారత యూనియన్‌లో చేరికను సమర్థిస్తూ, రజాకార్ల దౌర్జన్యాలను ఖండిస్తూ రాశారు. 1948 ఆగస్టులో ఏడుగురు ముస్లిం ప్రముఖులు రజాకార్ల దళాలను రద్దు చేయాలని కోరుతూ ఒక ప్రకటన చేశారు. కొద్దిరోజులకే, ఆగస్టు 22న, ఇంటికి తిరిగివెళుతున్న షోయబుల్లా ఖాన్‌ను కాల్చి, చేయి నరికి చంపారు. ఆయన వయస్సు అప్పటికి ముప్పై లోపే.

అతివాద సంస్థ తొలి లక్ష్యం ఎదుటి మతంవాడే అయినట్లు కనిపిస్తుంది. కాని దానికి అత్యంత ప్రమాదకరమైన వ్యక్తి తన సమాజంలోనే పుట్టి, అదే భాషలో వేరే మాట చెప్పేవాడు. ఎదుటివాని విమర్శ అనుచరులను దగ్గరకు చేరుస్తుంది; సొంతవాని విమర్శ వారిని ఆలోచింపజేస్తుంది. షోయబుల్లా ఖాన్ చేతిని నరకడంలోని అర్థం ఇదే. అప్పటికే చాలామంది విద్యావంతులు, అధికారులు మౌనం వహించారు. వారిలో కొందరికి భయం, మరికొందరికి ఇది త్వరలో సద్దుమణుగుతుందన్న నమ్మకం. ఒక్కొక్కరి మౌనం చిన్నదే. అన్నీ కలిసినప్పుడు అది సమ్మతి లాగా కనిపించింది.

రక్షణ పేరిట వచ్చిన వినాశం

1948 సెప్టెంబరు 13న భారతసైన్యం సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించారు. ఢిల్లీ దాకా వెళతామన్న సంస్థ ఐదు రోజులు కూడా నిలువలేదు. తుపాకులు, బల్లేలు ఇచ్చి ఎదురు నిలబెట్టిన యువకులు ఎందరో దారిలో మరణించారు. రజ్వీ అరెస్టయి, శిక్ష అనుభవించి, 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయారు. నిజాం రాజప్రముఖ్ అయ్యారు.

వెళ్ళడానికి చోటు లేని సామాన్య ముస్లిముల సంగతి వేరు. సైనికచర్య సమయంలోను, ఆ తరువాతి వారాలలోను వారిపై ప్రతీకారదాడులు జరిగాయి. నెహ్రూ పంపిన పండిత సుందర్‌లాల్ బృందం, మరణించినవారి సంఖ్య 27,000 నుండి 40,000 వరకు ఉండవచ్చునని అంచనా వేసింది. ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడు జిల్లాలు ఎక్కువగా దెబ్బతిన్నవి. ఆ నివేదిక దశాబ్దాల పాటు ప్రజల ముందుకు రాలేదు. అంచనాపై చరిత్రకారులలో భేదాభిప్రాయాలు ఉండవచ్చు. విషాదపు స్వభావంపై సందేహానికి తావు లేదు. రజాకార్లలో ఎన్నడూ చేరనివారు, వారిని వ్యతిరేకించినవారు కూడా ఆ పేరు మీదనే బలి అయ్యారు. ఒక మతానికంతటికీ తామే ప్రతినిధులమన్న రజాకార్ల వాదాన్ని, వారిని ద్వేషించినవారు అక్షరాలా అంగీకరించినట్లయింది.

ఆ నివేదికలో మరొక విషయం కూడా నమోదైంది. కొన్నిచోట్ల హిందూ నేతపనివారు తమతోటి ముస్లిం నేతపనివారిని ప్రాణాలకు తెగించి కాపాడారు. ఒకే మగ్గం మీద బతికినవారికి ఒకరి గురించి మరొకరికి ఉన్న ఎరుక, ఏ ఉపన్యాసం కంటే గట్టిదని ఇది చూపుతుంది.

ఉద్యోగాలు, భాష, హోదా పోతాయన్న భయంతో మజ్లిస్ వైపు నడిచిన వర్గానికి ఆ మూడూ పోయాయి. 1949లో జాగీర్దారీ వ్యవస్థ రద్దుతో జాగీర్లపై ఆధారపడిన వేలాది చిన్న కుటుంబాలు వీధిన పడ్డాయి. చర్చలలో కొంత దక్కే అవకాశం ఉన్నప్పుడు రాజీని ద్రోహమన్నారు; చివరకు రాజీకి తావే లేకుండా పోయింది.

ఒక పోలిక

ఈ పరిణామం హైదరాబాదుకే పరిమితం కాదు. స్థలకాలాలు వేరైనా, జర్మనీలో నాజీపక్షం అధికారానికి వచ్చిన తీరు ఈ వ్యాసంలోని ప్రతిపాదనకు తోడ్పడుతుంది. 1928లో ఆ పక్షానికి వచ్చిన ఓట్లు 2.6 శాతం. ఆర్థికమాంద్యం, నిరుద్యోగం పెరిగిన తరువాత 1932 జులైలో 37 శాతం దాటాయి. అది భయం సమకూర్చిన బలం. కాని అదే సంవత్సరం నవంబరులో అవి 33 శాతానికి తగ్గాయి. తగ్గుతున్న దశలోనే, 1933 జనవరి 30న, హిట్లర్‌కు ఛాన్సలర్ పదవి దక్కింది. ఆయనను తమ అదుపులో ఉంచుకోగలమని భావించిన సంప్రదాయవాద నాయకులే ఆ పదవిని ఇప్పించారు. సమాజం, పరిమాణం, ఫలితం రెండు చోట్లా ఎంతో భిన్నమైనవి. బలం చేతులు మారిన క్షణం మాత్రం ఒకే రకమైనది.

ముగింపు

పై పరిశీలన వలన తేలే అంశాలు ఇవి. రజాకార్లకు అనుచరులను ఇచ్చినది, కొద్దిగా ఉన్నదీ పోతుందన్న మధ్యస్థుల భయం. ఆ భయాన్ని చర్చగా మార్చగల వేదికలను నిషేధించి, అతివాదానికి పోటీ లేకుండా చేసినది ప్రభుత్వం. దానిని బేరసారాలకు వాడుకున్నది పాలకుడు, భూముల కోసం వాడుకున్నవారు దేశ్‌ముఖ్‌లు, అడ్డుచెప్పనివారు విద్యావంతులు. వీరిలో చాలామంది రజాకార్ల సిద్ధాంతాన్ని నమ్మినవారు కారు. నమ్మనివారు ఇచ్చిన బలమే ఆ సంస్థకు అసలు బలమైంది.

తెలుగు సాహిత్య పరిశోధకులకు ఈ చరిత్రలో ఒక బాధ్యత కూడా ఉంది. నిజాం పాలనను ధిక్కరించి ఇందూరు జైలులో గోడలపై బొగ్గుతో పద్యాలు రాసిన దాశరథి కృష్ణమాచార్యులే, తరువాతి కాలంలో గాలిబ్ గజళ్ళను 'గాలిబ్ గీతాలు'గా తెలుగు చేశారు. పాలనను ద్వేషించడం వేరు, ఆ పాలన వాడుకున్న భాషనూ ఆ భాష మాట్లాడే ప్రజలనూ ద్వేషించడం వేరు అన్న వివేకం ఆయనలో ఉంది. ఆనాటి జ్ఞాపకాలను, కథలను, పాటలను సేకరించి పరిశీలించేటప్పుడు మనకూ ఆ వివేకం అవసరం. 'రజాకార్' అన్న మాట ఒక సంస్థ చేసిన పనులకు పేరుగా ఉన్నంతవరకు అది చరిత్ర. అది ఒక సమాజానికంతటికీ పేరుగా మారిన చోట, షోయబుల్లా ఖాన్ హంతకుల వాదాన్నే మనం కొనసాగిస్తున్నట్లు అవుతుంది.